సుధ తెచ్చిన పుట్టగొడుగులు

చనిపోయిన మనిషి మీద అబద్ధం చెప్పడం చాలా తేలిక. ఆమె వచ్చి కాదనదు. చుట్టూ ఉన్నవాళ్ళు దుఃఖంలో ఉంటారు కాబట్టి ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. ఒకసారి చెప్పాక ఆ అబద్ధాన్ని మళ్ళీ చెప్పాల్సిన పని కూడా ఉండదు. మిగతావాళ్ళే దాన్ని నమ్మి, ఒకరికొకరు చెప్పుకుంటూ పోతారు. మనం నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది అదే.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ ఇంకేదో మాట బయటికొచ్చింది. ఇప్పుడు కూడా మధ్యలో తడబడతాను. ఓర్చుకోండి.

మేం శాంటా క్లారాలో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వచ్చాం. డిపెండెంట్ వీసా మీద వచ్చిన నాలాంటివాళ్ళకి ఆ రోజుల్లో పని చేసే అనుమతి లేదు. గుంటూరులో జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. నేను క్లాసులోకి అడుగు పెడితే పిల్లలు లేచి నిలబడేవాళ్ళు. ఇక్కడికొచ్చాక అమ్మాయిని స్కూల్లో దింపి, తిరిగొచ్చి, కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. నన్ను ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో అని ఆలోచించేదాన్ని. ఉప్పు ఎంత వెయ్యాలి అని కాదు. నాకు తెలిసిన విషయం.

అలాంటి సమయంలో లైబ్రరీలో ఒక కాగితం చూశాను. నెలకోసారి కొండల్లోకి వెళ్ళి పుట్టగొడుగులు గుర్తుపట్టడం నేర్పే బృందం ఒకటి ఉందట. వెళ్ళాను. ఎలెన్ అనే పెద్దావిడ నడిపించేది. అక్కడ వానలు చలికాలంలో పడతాయి. తడిసిన ఆకుల కింద నుంచి, కుళ్ళిన మొద్దుల మీద నుంచి, ఒక్కోటి ఒక్కో రంగులో పైకి లేచేవి. మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చూస్తుంటే నాకు మళ్ళీ ప్రాణం వచ్చినట్టుండేది. ఎలెన్ నేర్పిన పద్ధతి ఒకటే. కాడ కోసి తేకూడదు, మట్టి తవ్వి అడుగుతో సహా తీయాలి. గొడుగు కింద అరల్లా ఉండే సన్నటి పొరలు ఏ రంగులో ఉన్నాయో చూడాలి. గొడుగును కాగితం మీద బోర్లించి ఉంచితే పొడి రాలి ఒక అచ్చు పడుతుంది, ఆ అచ్చు రంగు చూడాలి. ఇన్నీ చూశాక కూడా అనుమానం ఉంటే తెలియదు అని చెప్పాలి. ఆ చివరి మాట ఆవిడ నవ్వుతూ చెప్పేది. నేనూ నవ్వాను. కాలేజీలో నేను ఎన్నడూ తెలియదు అనలేదు.

రెండు చలికాలాలు తిరిగేసరికి మా కాంప్లెక్స్‌లో అందరూ నన్ను బోటనీ అక్క అనడం మొదలుపెట్టారు. నాకది ఎంత తియ్యగా ఉండేదో చెప్పలేను.

సుధ మా కింది ఇంట్లో ఉండేది. కరీంనగర్ అమ్మాయి. భర్త ప్రసాద్ మా ఆయన లాగే ఇంజనీరు. వాళ్ళ పాప నిత్య మా అమ్మాయి కంటే ఏడాది చిన్నది. సుధ గట్టిగా మాట్లాడేది, గట్టిగా నవ్వేది. నా దగ్గరికి వచ్చినప్పుడు తలుపు కొట్టడం కూడా మర్యాదకే, కొడుతూనే లోపలికి వచ్చేసేది. నాకు జ్వరం వస్తే మా అమ్మాయికి జడ వేసి స్కూలుకి తీసుకెళ్ళింది ఆమే. ఈ దేశంలో నాకున్న ఒకే ఒక్క మనిషి అని చెప్పవచ్చు. ఇది రాస్తుంటే నాకే అనిపిస్తోంది, ఇప్పుడు ఆమెను పొగిడితే నా తప్పు బరువు తగ్గుతుందని అనుకుంటున్నానా? తగ్గదు. అయినా ఆమె అలాంటి మనిషి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు టీ తాగుతున్నారు. అదే కాంప్లెక్స్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు. వాళ్ళకి నేను నా కాగితాల మీది అచ్చులు చూపిస్తున్నాను. గోధుమ రంగువి, గులాబీ రంగువి, నల్లవి, ముగ్గుల్లా ఉన్న అచ్చులు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. అప్పుడే సుధ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. వెనక పార్కులో ఓక్ చెట్ల కింద లేచాయట. కత్తి తీసుకెళ్ళి కాడలు కోసి తెచ్చింది, మట్టి అంటకుండా శుభ్రంగా.

"మా అమ్మమ్మోళ్ళ ఊళ్ళె వానలు పడంగనే తెచ్చేటోళ్ళు అక్కా," అంది. "నాకు తినుడే వచ్చు, చూసుడు రాదు. నువ్వు చూసి చెప్పు. తినచ్చంటే వండుత. లేకుంటె పారేస్త."

కవరు నా ఒళ్ళో పెట్టింది.

నేను ఒకటి తీసి చూశాను. లేతవి. వానకి తడిసి పాలిపోయి ఉన్నాయి. తెలుపులో ఎక్కడో కొంచెం ఆకుపచ్చ ఛాయ, ఉందా లేదా అన్నట్టు. తిప్పి చూశాను. కింద పొరలు తెల్లగా ఉన్నాయి. కాడ అడుగు లేదు, ఎందుకంటే అది పార్కులో మట్టిలోనే ఉండిపోయింది. నాకు తెలియాల్సిందంతా ఆ అడుగులోనే ఉందని నాకు తెలుసు. తవ్వి ఒకటి తెచ్చి చూపించు అనాలి. లేదా, ఈ రోజు ఆగు, అచ్చు తీసి రేపు చెప్తాను అనాలి. లేదా, తెలియదు అనాలి. ఎంత చిన్న మాట. ఆ ఇద్దరు ఆడవాళ్ళు నా మొహంలోకి చూస్తున్నారు. సుధ నా మొహంలోకి చూస్తోంది. పొరలు తెల్లగా ఉన్నాయి గాని, లేతవి కదా, ఇంకా రంగు తిరగలేదు, ముదిరితే గోధుమ రంగుకి వస్తాయి అని నాకు నేను చెప్పుకున్నాను. మైదానాల్లో లేచే మంచిరకం ఒకటి ఉంది, అదే అనుకున్నాను. అనుకున్నానా? అనుకోవాలని అనుకున్నాను.

"తినొచ్చు. మంచి రకమే," అన్నాను. దాని ఇంగ్లిష్ పేరు కూడా చెప్పాను. ఆ ఇద్దరిలో ఒకామె "భలే చెప్తారండీ" అంది.

సుధ కవరు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడి వరకు చెప్పి ఆగితే, మీరు నన్ను కొంతైనా క్షమించే వీలుంది. పొరపాటు పడింది పాపం, అనుకోవచ్చు. కాబట్టి మిగతాది వినండి.

ఆ సాయంత్రం సుధ స్టీలు డబ్బాలో కూర పంపింది. నిత్య తెచ్చిచ్చింది. మూత తీస్తే అల్లం వెల్లుల్లి, కొత్తిమీర వాసన. మా అమ్మాయి గిన్నె తెచ్చుకుని "నాకూ" అంది. నేను "వద్దు, కారం ఎక్కువ" అన్నాను. నేను ఇంకా రుచి చూడలేదు. కారం ఎంతుందో నాకేం తెలుసు? డబ్బాకి మూత పెట్టి ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టాను. నాకు ఆకలిగా లేదు అనుకున్నాను. మా ఆయన ఆ రోజు బయట తినొస్తారు, అది నిజమే. కానీ ఆయన ఇంట్లో ఉన్నా పెట్టేదాన్ని కాదు. నా చేతులకి తెలుసు. నా బిడ్డ నోటికి అందకుండా దాచిన చేతులే, ఫోను తీసి కింది ఇంటికి ఒక్క మాట చెప్పలేకపోయాయి. నిత్య అప్పుడు ఒకటో తరగతి. ఆ పిల్ల తినకపోవడం నా పుణ్యం కాదు. మెత్తగా ఉన్నవేవీ నోట్లో పెట్టుకునేది కాదు, అంతే. ప్రసాద్‌కి పుట్టగొడుగులంటేనే పడదు. సుధ ఒక్కతే ఇష్టంగా తింది.

మర్నాడు పొద్దున లేచీ లేవగానే నేను పార్కుకి వెళ్ళాను. ఎందుకు వెళ్తున్నావని నన్ను ఎవరైనా అడిగితే వాకింగ్‌కి అనేదాన్ని. ఓక్ చెట్ల కింద సుధ కోసిన చోట కాడల మొదళ్ళు అలాగే ఉన్నాయి. వేళ్ళతో మట్టి తవ్వాను. అడుగున గుడ్డు పెంకులా చిరిగిన తెల్లటి సంచి ఉంది. పక్కనే కోయకుండా వదిలేసిన ముదురుది ఒకటి ఉంది. దాన్ని తిప్పి చూశాను. ముదిరింది, అయినా పొరలు తెల్లగానే ఉన్నాయి. రంగు తిరగలేదు. అది డెత్ క్యాప్, ప్రాణం తీసే రకం. ఎలెన్ మొదటి రోజే ఫొటో చూపించి, ఇది ఒక్కటి గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు, మిగతావి నెమ్మదిగా నేర్చుకోవచ్చు అని చెప్పిన పుట్టగొడుగు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. పుస్తకం తీసి ఆ పేజీ చదివాను. తిన్న చాలా గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తర్వాత తగ్గినట్టే ఉంటుంది. తగ్గదు. లోపల కాలేయం పాడవుతూనే ఉంటుంది. అంతా చదివాను. అప్పుడు సుధకి ఫోన్ చేశాను.

"తెల్లారుజామున సంది వాంతులక్కా," అంది. గొంతు నీరసంగా ఉంది. "నిన్న ఆఫీస్ పార్టీల మిగిలిన పాస్తా తెచ్చిండు ప్రసాద్. అదే పడలేదనుకుంట."

మీరు నమ్మండి, నేను చెబుదామనే చేశాను. కానీ ఆమె పాస్తా అంది. ఆమే ఒక దారి చూపించినట్టయింది. నేను ఆ దారిలో నడిచాను.

"అదే అయ్యుంటుంది. నీళ్ళలో ఉప్పు, పంచదార కలుపుకుని తాగు. పడుకో," అన్నాను.

ఫోన్ పెట్టేశాక డబ్బా తీసి, కూర కవర్లో కట్టి, కాంప్లెక్స్ చెత్త డబ్బాలో పడేశాను. స్టీలు డబ్బాని సబ్బుతో తోమాను. మా అమ్మాయి టీవీ చూస్తోంది.

ఆ రోజు నేను భయపడింది దేనికి? పోలీసులు వస్తారేమో అనుకున్నాను. వీసా పోతుందేమో, మా ఆయన ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. ఇవన్నీ నాకు నేను తర్వాత చెప్పుకున్న కారణాలని ఇప్పుడు అనిపిస్తుంది. అసలు భయం ఇంకా చిన్నది. ఆ ఇద్దరు ఆడవాళ్ళకి తెలుస్తుంది. అందరికీ తెలుస్తుంది. బోటనీ అక్కకి ఏమీ తెలియదని తెలుస్తుంది. ఒక మనిషి ప్రాణం అటు పెట్టి, ఇది ఇటు పెట్టి చూస్తే, నాకు ఇదే బరువుగా తోచింది. ఇంత నీచంగా ఉంటానని నాకు అంతకు ముందు తెలియదు. తెలిశాక కూడా నేను మారలేదు.

ఆదివారం కిందికి వెళ్ళాను. సుధ లేచి కూర్చుని చారన్నం తింటోంది. మొహం పీక్కుపోయింది గాని నవ్వింది. "చచ్చి బతికిన అక్కా," అంది. ఆ మాట విని నేను ఏడ్చేశాను. ఆమె నా వీపు నిమిరింది, నేను ఆమె కోసం ఏడుస్తున్నాననుకుని. పుస్తకంలో ఆ పేజీ నాకు అక్షరం అక్షరం గుర్తుంది. అయినా ఆ చారన్నం గిన్నెనే నమ్మాను. అప్పుడు చెప్పినా సరిపోయేదేమో. ఇంటికొచ్చి దేవుడి ముందు దీపం పెట్టాను.

సోమవారం ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. ప్రసాద్ ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాడు. నిత్యని మా ఆయనకి అప్పగించి నేనూ వెళ్ళాను. డాక్టరు అడిగిన ప్రశ్నలకి ప్రసాద్ జవాబు చెబుతున్నాడు. బయట ఎక్కడైనా కోసినవి, అడవిలోవి, ఏమైనా తిన్నదా అని అడిగాడు డాక్టరు. ప్రసాద్ ఒక్క క్షణం ఆలోచించి, పుట్టగొడుగుల కూర అన్నాడు. డాక్టరు రాస్తున్న పెన్ను ఆపాడు. మిగిలిందేమైనా ఉందా అని అడిగాడు. లేదు, గిన్నె కడిగేశాను అన్నాడు ప్రసాద్. తర్వాత నా వైపు తిరిగాడు. అతని మొహంలో అనుమానం లేదు. ఆశ ఉంది. నేను ఆ పుట్టగొడుగు పేరు చెబితే వైద్యం చేస్తారని ఆశ.

"మీకేమన్న చూపెట్టిందా అక్కా?"

సుధ మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. అప్పటికే మాటలు తడబడుతున్నాయి, ఏ రోజో ఎక్కడుందో సరిగ్గా చెప్పలేకపోతోంది. వింటోందా? ఇప్పటికీ నాకు తెలియదు.

"లేదు ప్రసాద్," అన్నాను. "నాకు చూపించి ఉంటే తిననిచ్చేదాన్నా? వాళ్ళ ఊళ్ళో తినేవాళ్ళు కదా, అవే అనుకున్నట్టుంది."

రెండో వాక్యం నన్నెవరూ అడగలేదు. నా అంతట నేనే చెప్పాను.

ఇంకా ముందే తీసుకొచ్చి ఉంటే బాగుండేది అన్నాడు డాక్టరు. ఎవర్నీ తప్పు పట్టినట్టు అనలేదు, మామూలుగా అన్నాడు. ఆమెను పెద్ద ఆసుపత్రికి మార్చారు. కాలేయం మార్చాలన్నారు. దొరకలేదు. ఆ వారం దాటకుండానే సుధ పోయింది.

ఆ ఇద్దరు ఆడవాళ్ళు? వాళ్ళకి తెలుసు కదా అని మీరు అడుగుతారు. నేనూ అదే భయపడ్డాను. ఒకామె భర్తకి ప్రాజెక్టు మారి, విషయం తెలిసేలోపే వేరే ఊరు వెళ్ళిపోయింది. రెండో ఆమె పరామర్శకి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "మీరు చూసినవి వేరు, తను మళ్ళీ వెళ్ళి వేరేవి కోసుకొచ్చినట్టుంది కదండీ" అంది. నన్ను అంతగా నమ్మింది. నేను తలూపాను. అలా సుధ మీద రెండో అబద్ధం కూడా పడింది.

తర్వాత మన వాళ్ళందరి మధ్య అది ఒక పాఠం అయిపోయింది. పల్లెటూరి అలవాట్లు ఇక్కడ పనికిరావు అని, చదువుకున్న అమ్మాయి అయి ఉండి అంత తెలివితక్కువగా ఎలా తింది అని, గుడి భోజనాల దగ్గర, పుట్టినరోజుల్లో చెప్పుకునేవాళ్ళు. నేను వినేదాన్ని. కొన్నాళ్ళకి నన్నే అడిగి, పుట్టగొడుగుల గురించి జాగ్రత్తలు చెప్పించుకున్నారు. చెప్పాను కూడా. ఎలెన్ బృందానికి మళ్ళీ వెళ్ళలేదు.

ప్రసాద్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. మేం సన్నీవేల్‌లో ఇల్లు కొనుక్కున్నాం, అతనూ నిత్య కోసమని మాకు దగ్గర్లోనే అద్దెకు తీసుకున్నాడు. నిత్య మా ఇంట్లోనే పెరిగిందనవచ్చు. బట్టలు కొనివ్వడం, జడ వెయ్యడం, స్కూలు మీటింగులు, అన్నీ నేనే చూశాను. అందరూ నన్ను మెచ్చుకుంటారు. ప్రాయశ్చిత్తం అనుకుని చేశానా? మొదట్లో అనుకున్నాను. ఇప్పుడు తెలుసు, అది కాపలా. ఆ పిల్ల నా కళ్ళ ముందుంటే ఎవరూ ఆమెకి ఏమీ చెప్పలేరు.

నిత్య ఇప్పుడు హైస్కూల్లో ఉంది. నవ్వితే అచ్చం వాళ్ళమ్మే. పోయిన నెల డాన్స్ క్లాసు నుంచి తీసుకొస్తున్నాను. కార్‌లో పక్కన కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"ఆంటీ, అమ్మ ఎందుకు అలా చేసింది? ఎవర్నీ అడగలేదా? లైక్, ఒక్కసారి చెక్ కూడా చెయ్యలేదా?"

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. నేను ముందుకే చూస్తున్నాను.

"నాన్న దాని గురించి మాట్లాడడు. నాకు కోపం వస్తుంది ఆంటీ. నాకప్పుడు సిక్స్ ఇయర్స్. నా గురించి థింక్ చెయ్యలేదా తను? వాజ్ షీ జస్ట్ స్టుపిడ్?"

ఇదే సమయం. ఇంతకంటే మంచి సమయం రాదు. నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, తెరిచాను.

"తనకి తెలియదమ్మా," అన్నాను. "అమ్మ మీద కోపం పెట్టుకోకు."

నిత్య తల ఊపింది. "ఓకే" అంది. ఆ ఓకే లో కోపం ఏమీ తగ్గలేదు. వాళ్ళమ్మ ఆమె గురించి ఆలోచించలేదని, అడగకుండా చూడకుండా తినేసి పోయిందని ఆ పిల్ల ఇంకా అనుకుంటోంది. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక కూడా అలాగే అనుకుంటుంది. సుధని ఒకసారి ఆ కూరతో చంపాను. కార్‌లో కూతురి మనసులో మళ్ళీ చంపాను. మొదటిసారి తొందరపాటు, భయం అని చెప్పుకోవచ్చు. రెండోసారికి నా దగ్గర ఏ సాకూ లేదు. ఆలోచించుకోవడానికి ఇన్నేళ్ళ వ్యవధి దొరికింది.

నిత్యకి చెప్తానా? ప్రసాద్‌కి? చెప్తానని ఇక్కడ రాస్తే నాకు బాగుంటుంది, మీకూ బాగుంటుంది. కానీ నన్ను నేను ఇప్పటికి బాగా ఎరుగుదును. చెప్పకపోవచ్చు. చెబితే ఆ పిల్లకి వాళ్ళమ్మ దక్కుతుంది, నాకు ఆ పిల్ల దక్కదు. ఇంత స్పష్టంగా తెలిసి కూడా నేను నాకు దక్కేదే చూసుకుంటున్నాను. మీరు నన్ను ఏమనుకున్నా అది తక్కువే.

ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట ఉన్నది ఉన్నట్టు ఉండాలనిపించింది. సుధ అడిగింది. తెలియదని ఒప్పుకుని అడిగింది. తినొచ్చంటేనే వండుతాను, లేకపోతే పారేస్తాను అంది. వండమన్నది నేను.

ఈ మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఊపిరి కొంచెం లోపలి దాకా వెళ్ళినట్టయింది. అంతకు మించి ఏమీ జరగలేదు.